లావు అక్షరం, గుండ్రటి కొస: తెలుగులో అసలు చిక్కు ఎక్కడుంది?

బెంగళూరు మారతహళ్ళిలో దుకాణాల బోర్డులు చూసుకుంటూ నడిస్తే ఒకే రకం అక్షరం మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. గీత లావుగా, మొదటి నుంచి చివరి వరకు ఒకే మందంతో ఉంటుంది. ఆగిపోయే చోట కత్తిరించినట్టు కాకుండా వేలి కొసలా గుండ్రంగా ముగుస్తుంది. ప్లేస్కూలు, ఐస్‌క్రీమ్ పార్లరు, పళ్ళ డాక్టరు క్లినిక్, కుక్కపిల్లల ఆహారం అమ్మే దుకాణం, కొత్తగా తెరిచిన టిఫిన్ సెంటరు, అందరూ దాన్నే ఎంచుకుంటున్నారు. ఎక్కువగా ఇంగ్లీషులో, కన్నడంలో. మనవాళ్ళ హోటళ్ళ దగ్గర తెలుగులో కూడా.

ఎంచుకునేవాళ్ళు దాని గుండ్రదనం చూసి ముచ్చటపడతారు. ఇంగ్లీషు వరకు ఆ లెక్క సరిపోతుంది. తెలుగు దగ్గరికి వచ్చేసరికి సరిపోదు. మన లిపి పుట్టుకతోనే గుండ్రం, దానికి గుండ్రదనం అద్దడం పెద్ద పని కాదు. దాన్ని లావు చేయడమే కష్టం. ఈ తేడా పట్టించుకోకపోవడం వల్ల మన బోర్డుల మీద, యాప్‌లలో, పిల్లల పుస్తకాల అట్టల మీద తెలుగు చదవడానికి ఇబ్బందిగా తయారవుతోంది. బోర్డులు, ప్యాకెట్లు డిజైన్ చేసే పనిలో ఉన్నవాడిగా ఈ విషయం నన్ను బాగా బాధిస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా మూడు సంగతులు విడదీసుకుందాం. అక్షరం కొసల్లో చిన్న చిన్న అంచులు, పాదాలు ఉంటే సెరిఫ్. అవి లేకుండా సాదాగా ఉంటే సాన్స్ సెరిఫ్. గీత మందం పెంచితే బోల్డ్. కొసలు, మూలలు గుండ్రంగా తిప్పితే రౌండెడ్. ఈ మూడూ వేర్వేరు నిర్ణయాలు. దుకాణంలో మాత్రం మూడూ ఒకే మూటగా దొరుకుతాయి. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌తో పాటు కంప్యూటర్లలోకి వచ్చిన ఏరియల్ రౌండెడ్ ఎంటీ బోల్డ్ అలాంటి మూటే. మన డీటీపీ సెంటర్లలో చాలామందికి ఈ రకం అక్షరంతో మొదటి పరిచయం అదే అయి ఉంటుంది.

పనిముట్టు నుంచి పుట్టిన ఆకారం

గుండ్రటి కొస అందం కోసమే పుట్టలేదు. చాలాచోట్ల పనిముట్టే దాన్ని అలా తయారుచేసింది. లోహపు పలక మీద అక్షరాలు చెక్కే పాంటోగ్రాఫ్ యంత్రాన్ని తీసుకోండి. అందులో గిర్రున తిరిగే చిన్న కట్టర్ లోహాన్ని తొలుచుకుంటూ పోతుంది. తిరిగేది కాబట్టి అది మొదలైన చోట, ఆగిన చోట అర్ధవృత్తమే మిగులుతుంది. అమెరికాలో గోర్టన్ కంపెనీ యంత్రాలతో చెక్కిన అక్షరాలకు ఆ కంపెనీ పేరే స్థిరపడింది. పాత యంత్రాల మీటల పక్కన, స్విచ్చుల కింద, కంప్యూటర్ కీల మీద కనిపించే ఆ సాదా అక్షరాల కొసలన్నీ గుండ్రమే. ఇంజనీరింగ్ డ్రాయింగులో స్టెన్సిల్ పెట్టి గొట్టపు పెన్నుతో రాసినా ఇదే ఫలితం. గాజు గొట్టాన్ని వేడిచేసి వంచే నియాన్ బోర్డులోనూ ఇంతే.

ఇలా యంత్రం ఇచ్చిన ఆకారాన్ని కావాలని ఎంచుకునే కాలం తర్వాత వచ్చింది. 1970ల చివర హెల్వెటికాకు గుండ్రటి రూపం వచ్చింది. అదే సమయంలో ఫోక్స్‌వ్యాగన్ సంస్థ తన డీలర్ల బోర్డులు, కాగితాలు అన్నీ ఒకే తీరుగా కనిపించాలని వీఏజీ రౌండెడ్ అనే అక్షరాన్ని తయారుచేయించుకుంది. కార్ల కోసం పుట్టిన ఆ అక్షరమే తర్వాత ఆపిల్ ల్యాప్‌టాప్‌ల కీబోర్డుల మీద ఏళ్ళ తరబడి కూర్చుంది. 2015లో వచ్చిన మ్యాక్‌బుక్‌తో అక్కడ శాన్ ఫ్రాన్సిస్కో అనే కొత్త అక్షరం చేరింది. 2025లో మూతపడిన స్కైప్ చిహ్నంలో ఉండేది హెల్వెటికా రౌండెడ్ బోల్డే. భాషలు నేర్పే డ్యువోలింగో తన గుడ్లగూబ బొమ్మ ఈకల తీరుకు సరిపోయేలా లావుపాటి గుండ్రటి అక్షరాన్ని ప్రత్యేకంగా గీయించుకుంది. జపాన్‌లో అయితే గుండ్రటి కొసల గోథిక్ (అక్కడ సాన్స్ సెరిఫ్‌కు పేరు) అక్షరాలు రైల్వే స్టేషన్లు, వీధి సూచికల మీద చాలా కాలంగా ఉన్నాయి. అక్కడ అవి పిల్లల కోసమో, ముద్దు కోసమో కాదు. ప్రభుత్వ సూచనలు చెప్పడానికే. ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకోవాలి. గుండ్రటి అక్షరం అనగానే పిల్లల సరుకు అనుకోవడం అలవాటు వల్ల వచ్చిందే తప్ప, ఆకారంలోనే అచ్చంగా ఇమిడి ఉన్న గుణం కాదు.

మెత్తదనం ఎందుకు తోస్తుంది?

అలాగని ఆకారానికి మనసు మీద పట్టు లేదనీ కాదు. జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త వుల్ఫ్‌గాంగ్ కోహ్లర్ 1929లో ఒక గమనిక చేశాడు. ఒకటి గుండ్రంగా, ఒకటి ముళ్ళుముళ్ళుగా ఉన్న రెండు బొమ్మలు చూపించి, అర్థం లేని రెండు పేర్లు ఇచ్చి, ఏది దేని పేరని అడిగితే జనం చాలావరకు ఒకేలా జవాబిస్తారు. 2001లో వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ ఇదే ప్రయోగాన్ని ‘బూబా’, ‘కికీ’ అనే పేర్లతో చర్చకు తెచ్చారు. ఇంగ్లీషువాళ్ళయినా, తమిళం మాట్లాడేవాళ్ళయినా గుండ్రటి బొమ్మకు ‘బూబా’ అనే పేరే ఎక్కువగా పెట్టారు. 2006లో మోషే బార్, మైటల్ నెటా చేసిన పరిశోధనలో, కోణాలున్న వస్తువుల కంటే వంపులున్న వస్తువులే జనానికి ఎక్కువ నచ్చాయి. గుండ్రటి అక్షరాలను తీపి రుచితో జతచేస్తారని చార్లెస్ స్పెన్స్, కార్లోస్ వెలాస్కోల బృందం చూపించింది. మిఠాయి ప్యాకెట్ల మీద ఈ అక్షరం అంతగా కనిపించడానికి కారణం ఇక్కడ కొంత దొరుకుతుంది.

అయితే ఈ అక్షరాల పరిశోధనలు ఎక్కువగా రోమన్ లిపితో జరిగినవి. అందులో నిలువు గీతలు, అడ్డ గీతలు, పదునైన మూలలు సహజం. A, K, M, V వంటి అక్షరాలు మూలలతోనే నిలబడతాయి. వాటి మూలలు తిప్పితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, కన్ను వెంటనే పట్టుకుంటుంది.

తెలుగులో తిప్పడానికి మూలలేవి? ర, ఠ, ం అంటే దాదాపు పూర్తి వృత్తాలు. ల, అ, ఆ, ఉ, ఊ అన్నీ వంపులే. మనకు నిలువుగా, నిటారుగా నిలబడే గీతలు బహు తక్కువ. తాటాకు మీద గంటంతో రాసిన కాలంలో ఆకు నారల వెంట తిన్నటి గీత గీస్తే ఆకు చీలుతుందని, అందుకే లిపి గుండ్రం తిరిగిందని అంటారు. కారణం ఏదైనా, గంటం పని ఎలా ఉంటుందో చూస్తే మరో సంగతి తెలుస్తుంది. గంటం మొన సూదిలాంటిది. ఎటు తిప్పినా గీత మందం మారదు. అంటే ఒకే మందపు గీత, గుండ్రటి నడక మనకు ఎప్పటి నుంచో ఉన్నవే. ఒకచోట లావు, ఒకచోట సన్నం ఉన్న అక్షరాలు తర్వాత సీసపు అచ్చులతో, కుంచెలతో వచ్చి చేరాయి.

అందుకే తెలుగు పాఠకుడికి అక్షరం గుండ్రంగా ఉన్నంత మాత్రాన ముద్దుగా అనిపించదు. పంచాంగం కూడా గుండ్రటి అక్షరాలతోనే ఉంటుంది, కోర్టు నోటీసూ అంతే. మనకు భావం మారేది గీత మందంలో, ఆ మందం హెచ్చుతగ్గుల్లో, కొస ముగిసే తీరులో. లావు సన్నాల తేడా ఉంటే పాత పుస్తకం గుర్తొస్తుంది. కొస కుంచె జాడలా చీలితే గోడరాత, సినిమా పోస్టరు గుర్తొస్తాయి. ఒకే మందంతో సాగి కొస గుండ్రంగా ఆగితే కొత్త యాప్, పిల్లల పుస్తకం గుర్తొస్తాయి. తెలుగులో ‘రౌండెడ్’ అన్న మాటకు పని ఉన్నది కొసల దగ్గరే.

కంటికి కనపడని సర్దుబాట్లు

ఉన్న ఫాంటు తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో మూలలు గుండ్రం చేసే మీట నొక్కితే పని అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అవదు. గీత కొసను అర్ధవృత్తం చేస్తే దాని చివరి అంచు, అక్షరాల ఎత్తు సమంగా ఉండటానికి గీసుకునే గీటును ఒక్క బిందువు దగ్గర మాత్రమే తాకుతుంది. అడ్డంగా కోసిన కొస పక్కన పెడితే ఇది పొట్టిగా కనిపిస్తుంది. అందుకని డిజైనర్లు గుండ్రటి కొసను గీటు కంటే కొంచెం బయటికి దాటిస్తారు. కొలిస్తే ఎక్కువ, చూస్తే సమానం. ఇంకొకటి: తిన్నటి గీత ఒక్కసారిగా అర్ధవృత్తంగా మారితే ఆ కలిసే చోట కొస ఉబ్బినట్టు, రెండు చివర్లా గుబ్బలున్న ఎముకలా తోస్తుంది. నిజానికి ఉబ్బు ఉండదు, కన్ను చేసే మాయ. దాన్ని పోగొట్టడానికి వంపును కాస్త ముందు నుంచే మెల్లగా మొదలుపెట్టాలి. మంచి గుండ్రటి ఫాంటుకు, మీట నొక్కి చేసిన దానికి తేడా చాలావరకు ఈ రెండు చోట్లే ఉంటుంది.

ఇక లావు సంగతి. ఇక్కడే అసలు కథ.

అక్షరం అంటే నల్ల గీత ఒక్కటే కాదు, దాని మధ్య మిగిలిన తెల్లటి ఖాళీ కూడా. గీతను లావు చేస్తే ఆ ఖాళీ తరుగుతుంది. ఇంగ్లీషు ‘o’లో ఒక ఖాళీ ఉంటుంది, ‘e’లో ఒకటిన్నర. మన ఘ, ఝ, మ, య చూడండి. గీత పక్కపక్కనే రెండు మూడు మెలికలు తిరుగుతుంది, ప్రతి మెలిక మధ్యా ఖాళీ కావాలి. గీతను లావు చేసి, ఖాళీలూ కాపాడాలంటే ఒక్కటే దారి: అక్షరాన్ని వెడల్పు చేయడం. అందుకే బాగా గీసిన తెలుగు బోల్డ్ ఫాంటు చోటు ఎక్కువ తీసుకుంటుంది. బోర్డు వెడల్పు చాలక, దాన్ని సాఫ్ట్‌వేర్‌లో రెండు పక్కల నుంచి నొక్కుతారు. నొక్కగానే నిలువుగా సాగే భాగాలు సన్నబడతాయి, అడ్డంగా సాగేవి లావుగానే ఉండిపోతాయి, గుండ్రటి కొసలు కోడిగుడ్డు ఆకారంలోకి వస్తాయి. ఏ గుణం కోసం ఆ ఫాంటు ఎంచుకున్నామో ఆ గుణమే పోతుంది.

దగ్గరగా చూడాల్సిన అక్షరాలు మూడున్నాయి: ద, ధ, థ. ద కింద చిన్న నిలువు గీత పెడితే ధ. ఆ ధ కడుపులో చుక్క పెడితే థ. సన్నటి ఫాంటులో ఇవి విడివిడిగా తెలుస్తాయి. ఇప్పుడు లావు, గుండ్రం రెండూ కలపండి. ఫాంటును సాధారణంగా 1000 యూనిట్ల చదరం మీద గీస్తారు. గీత మందం 100 యూనిట్లు అనుకుందాం. కింది నిలువు గీత పొడవు కూడా 100 ఉంటే, రెండు కొసలూ అర్ధవృత్తాలు కాబట్టి అది గీత కాకుండా పోతుంది. పూర్తి చుక్క అవుతుంది. ధ కింద గీత ఉండాల్సిన చోట చుక్క వేలాడుతుంది. థ లోపలి చుక్కేమో చుట్టూ ఉన్న లావు గీతలకు అంటుకుని మాయమవుతుంది. చ–ఛ, బ–భ, డ–ఢ, ప–ఫ జంటలన్నింటికీ ఇదే గండం. దీన్ని తప్పించాలంటే ఆ చిన్న గీత పొడవు పెంచాలి, లేదా దాని మందం మిగతా అక్షరం కంటే తగ్గించాలి, లేదా ఆ ఒక్కచోట కొసను పూర్తిగా గుండ్రం చేయకుండా మూలలు మాత్రమే మెత్తబరచాలి. నేను మూడో పద్ధతి మెచ్చుకుంటాను. గీత గీతలాగే మిగులుతుంది, గుణమూ చెడదు.

ప, వ సంగతి ఇంకొకటి. వ తలకట్టు ఒంటికి అతుక్కుని ఉంటుంది, ప తలకట్టు చాలా ఫాంట్లలో విడిగా ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ సన్నటి సందే రెండింటికీ తేడా చెబుతుంది. లావు పెరిగితే మొదట పూడిపోయేది ఆ సందే. అప్పుడు పంట వంట అవుతుంది, పాలు వాలు అవుతుంది. ఇక్కడ మాత్రం గుండ్రటి కొస మనకు మేలు చేస్తుంది. రెండు చదరపు కొసలు ఎదురెదురుగా ఉంటే మధ్య సందు సన్నటి చీలికలా ఉంటుంది. రెండూ గుండ్రమైతే సందు పక్కలకు విచ్చుకుని గాలి ఆడుతుంది. కొలతలో అదే దూరం, కంటికి ఎక్కువ దూరం. ష, స, హ అక్షరాల్లోనూ ఈ లాభం ఉంటుంది. తెలుగుకు గుండ్రటి కొసల వల్ల నిజమైన ఉపయోగం ఏదైనా ఉందంటే నా దృష్టిలో ఇదే.

అక్షరం పక్కకే కాదు, కిందికి, పైకి కూడా పెరుగుతుంది. ‘శ్రీ లక్ష్మీ’ అని లేని వీధి మనకు ఉండదు. ఆ ‘క్ష్మీ’లో పైన గుడి దీర్ఘం, మధ్య క, దాని కింద షవత్తు, ఆపై మవత్తు. ఇన్ని అంతస్తులను లావు గీతలతో పేర్చాలి. ఒత్తులను కూడా అదే మందంతో గీస్తే కింద నల్లటి ముద్ద మిగులుతుంది. అందుకే మంచి ఫాంట్లలో ఒత్తు మందం అసలు అక్షరం కంటే ఒక పిసరు తక్కువ ఉంటుంది. విడిగా చూస్తే ఆ తేడా తెలియదు, పదంలో చూస్తే హాయిగా ఉంటుంది.

దొంగ బోల్డ్

ఇంతకంటే పెద్ద నష్టం మరోచోట జరుగుతోంది. తెలుగు ఫాంట్లలో చాలావాటికి ఒకే మందం ఉంటుంది. సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా వచ్చిన మల్లన్న, రామభద్ర వంటివి ఒక్కో మందంతోనే వచ్చాయి. ఇది వాటి లోపం కాదు. రామభద్ర శీర్షికల కోసం, పోస్టర్ల కోసం లావుగానే గీసిన ఫాంటు. చిక్కు ఎక్కడంటే, బోల్డ్ లేని ఫాంటు మీద B అనే మీట నొక్కినా కంప్యూటర్ ఊరుకోదు. లేని బోల్డ్‌ను తానే పుట్టిస్తుంది. ఎలా? ఉన్న అక్షరం అంచును అన్ని వైపులా సమానంగా ఉబ్బిస్తుంది, లేదా అదే అక్షరాన్ని కాస్త పక్కకు జరిపి మరోసారి దిద్దుతుంది. లోపలి ఖాళీలు, ప సందు, ధ కింది గీత దానికి తెలియవు. అన్నింటినీ పూడ్చేస్తుంది. వెబ్ పేజీల్లో బ్రౌజర్లు కూడా ఇదే చేస్తాయి. అప్పటికే లావుగా ఉన్న రామభద్రను మళ్ళీ బోల్డ్ చేసిన ఆహ్వాన పత్రికలు నేను చూశాను. పెళ్ళికూతురి పేరులోని ధ కింది గీత ముద్దగా మారిపోయింది. పేరు అచ్చయ్యే కాగితం విషయంలో ఇంత నిర్లక్ష్యం తగదు.

దీనికి మందు ఉంది. ఒకటికి మించి మందాలు గీసి ఉన్న ఫాంటు ఎంచుకోవాలి. గూగుల్ నోటో సాన్స్ తెలుగులో సన్నం నుంచి బాగా లావు వరకు మెట్లున్నాయి, కానీ అది గుండ్రటి కొసల ఫాంటు కాదు. గుండ్రం, లావు రెండూ కావాలంటే ముంబైకి చెందిన ఏక్ టైప్ సంస్థ చేసిన బాలూ కుటుంబం ఉంది. రోమన్‌తో పాటు తొమ్మిది భారతీయ లిపులకు ఒకే స్వభావంతో గీశారు. అందులో తెలుగు ఫాంటు పేరు బాలూ తమ్ముడు, కన్నడానిది బాలూ తమ్మ, తమిళానిది బాలూ తంబి. మొదట ఒకే లావు మందంతో వచ్చింది. తర్వాత వచ్చిన బాలూ 2 రూపంలో రెగ్యులర్ నుంచి ఎక్స్‌ట్రా బోల్డ్ వరకు అయిదు మెట్లున్నాయి. స్వేచ్ఛా లైసెన్సు కాబట్టి దుకాణం బోర్డుకైనా, అమ్మే పుస్తకానికైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. నాకు ఇందులో నచ్చింది, గుండ్రదనం కోసం తెలుగు అక్షరాన్ని వంచకపోవడం. తలకట్టు తలకట్టులాగే ఉంటుంది.

యాక్రిలిక్ ముక్కలు, వెలుగు, కన్నడం పక్కన తెలుగు

తెర మీద బాగున్నది గోడ మీద బాగుంటుందని లేదు. బెంగళూరు సిటీ మార్కెట్ చుట్టుపక్కల యాక్రిలిక్ కోసే చిన్న వర్క్‌షాపులు ఉంటాయి. అక్కడ పనిచేసే మదనపల్లె మనిషి ఒకాయన ‘అన్నపూర్ణ’ అనే పేరు కోస్తూ నాకు చూపించాడు. “ఇంగ్లీషులో అయితే i మీద చుక్క ఒక్కటే విడిగా వస్తుంది సార్. మన అక్షరాల్లో ఒత్తులన్నీ విడి ముక్కలే. ఈ పేరులోనే నావత్తు వేరు, ణావత్తు వేరు, ప తలకట్టు వేరు. ఒక్కటి పోయినా పేరు మారిపోతుంది” అన్నాడు. “మరి ఏ ఫాంటు అయితే మీకు సులువు అన్నా?” అని అడిగితే, సన్నటి కొసలు లేనిది ఏదైనా అన్నాడు. సన్నటి మొనలు యాక్రిలిక్‌లో పెచ్చులూడతాయి. గుండ్రటి కొస దెబ్బ తట్టుకుంటుంది. చిన్న ముక్క లావుగా ఉంటే వెనక జిగురు పట్టడానికి చోటు దొరుకుతుంది.

రౌటర్ యంత్రంతో కోసినప్పుడు మరో సంగతి. కోసే బిట్టు గుండ్రటి కడ్డీ. మూడు మిల్లీమీటర్ల బిట్టు లోపలి మూలను ఒకటిన్నర మిల్లీమీటర్ల వ్యాసార్ధం కంటే పదునుగా కోయలేదు. పదునైన మూలలున్న ఫాంటు ఇస్తే బయటి మూలలు పదునుగా, లోపలి మూలలు గుండ్రంగా వచ్చి ఎబ్బెట్టుగా ఉంటుంది. ముందే గుండ్రం చేసిన అక్షరంలో రెండూ కలిసిపోతాయి. లోపల ఎల్ఈడీలు పెట్టి వెలిగించే పెట్టె అక్షరాలకూ లావు అవసరం, దీపం దూరడానికి గీతలో చోటుండాలి కదా. కానీ రాత్రి దీపం వెలిగాక వెలుగు అంచులు దాటి పరుచుకుంటుంది, అక్షరం ఉన్నదానికంటే మరింత లావుగా కనిపిస్తుంది. పగలు చక్కగా ఉన్న ‘ఘ’ రాత్రి వెలుగు ముద్ద అవుతుంది. వెలిగే బోర్డుకు మందం ఒక మెట్టు తగ్గించి, అక్షరాల మధ్య దూరం పెంచాలి.

బెంగళూరులో తెలుగు ఒంటరిగా ఉండదు. 2024లో సవరించిన కర్ణాటక చట్టం ప్రకారం వాణిజ్య బోర్డుల మీద 60 శాతం కన్నడం ఉండాలి. అది సబబైన నియమం, ఈ ఊరి భాష ముందు కనపడాలి. మిగిలిన చోటులో ఇంగ్లీషు, ఆపై తెలుగు. అంటే తెలుగుకు దక్కేది చిన్న పట్టీ. చిన్న పట్టీలో అక్షరం కనపడాలని దాన్ని ఇంకా లావు చేస్తారు. జరగాల్సింది దానికి తలకిందులు: చోటు తగ్గేకొద్దీ మందం తగ్గాలి, లోపలి ఖాళీ పెరగాలి. అంగుళం ఎత్తు అక్షరాన్ని పది అడుగుల దూరం నుంచి హాయిగా చదవొచ్చని బోర్డులు చేసేవాళ్ళ లెక్క. అది ఇంగ్లీషు పెద్దక్షరాల లెక్క. తెలుగులో ఆ అంగుళంలోనే గుడి, ఒత్తు కూడా ఇమడాలి, అసలు అక్షరానికి మిగిలేది అందులో ఒక భాగమే.

కన్నడం, తెలుగు ఒకే బోర్డు మీద ఉన్నప్పుడు అవి తోబుట్టువుల్లా కనపడాలని ఎవరికైనా అనిపిస్తుంది, లిపులు అంత దగ్గరవి. కానీ కన్నడాన్ని నుడి ఫాంటులో, తెలుగును అను ఫాంటులో పెడితే మందాలు కలవవు, ఒకటి అరుస్తుంది, ఒకటి గొణుగుతుంది. ఒకే కుటుంబంలోని ఫాంట్లు తీసుకుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. అయినా పాయింట్ సైజు ఒకటే ఇచ్చి ఊరుకోకూడదు. ‘క’ ఎత్తు రెండు లిపుల్లోనూ కంటికి సమానంగా వచ్చేలా సర్దాలి. ఇంగ్లీషు పక్కన పెట్టినప్పుడు తెలుగు దాదాపు ఎప్పుడూ కొంచెం పెద్దదిగా పెట్టాల్సి వస్తుంది.

ఈ లావు, గుండ్రటి అక్షరం ఎక్కడ వాడాలి అంటే: దుకాణం పేరు, ప్యాకెట్ ముఖం, యాప్‌లో మీట, పిల్లల పుస్తకం అట్ట, అంకెలు పెద్దగా చూపే ధరల పట్టిక. రెండు మూడు మాటలున్న చోటల్లా ఇది బలంగా పలుకుతుంది. పేరాలు పేరాలుగా చదివే చోట వద్దు. అన్ని గీతలూ ఒకే మందం, అన్ని కొసలూ ఒకే తీరు కావడంతో కన్ను పట్టుకోవడానికి ఆనవాళ్ళు తగ్గుతాయి, త్వరగా అలసిపోతుంది. మందుల మోతాదు రాసే చోట అసలే వద్దు. అక్కడ ప, వ తడబడకూడదు, 0, 8 కలిసిపోకూడదు. సంతాప ప్రకటనకు, కోర్టు నోటీసుకు ఈ స్వరం నప్పదు. ఆసుపత్రి బోర్డుకు మాత్రం నప్పుతుందనే నా అభిప్రాయం, ముఖ్యంగా పిల్లల విభాగంలో. భయపడుతూ లోపలికి వచ్చేవాళ్ళకు మెత్తటి కొసలు కాస్త ధైర్యమిస్తాయి, మందం అదుపులో ఉంటే దూరం నుంచీ తెలుస్తుంది.

ఫాంటు ఎంచుకునే ముందు దాని నమూనాలో అ, ఆ, క చూసి మురిసిపోవద్దు. ఆ అక్షరాలు ఏ ఫాంటులోనైనా బాగానే ఉంటాయి. దానికి బదులు పంట, వంట, బాధ, కథ, గాంధీ, ఘంటసాల, ఝాన్సీ, రాష్ట్రం, శ్రీ లక్ష్మీ అని రాసి, బోర్డు మీద వచ్చే అసలు కొలతలోనే అచ్చు తీయండి. కాగితాన్ని గోడకు అంటించి, ఆ మాటలు ముందుగా తెలియని ఒకరిని రోడ్డు అవతల నిలబెట్టి చదివించండి. ఎక్కడ తడబడితే అక్కడ మందం ఒక మెట్టు దించండి. అప్పటికీ తడబడితే ఫాంటు మార్చండి.